గోరు చూసి కొన్న లైటు

"...అంటే మా అందరివీ కళ్ళు కావు, గాజుగోళీలన్నమాట! నీ ఒక్కదానికే ఆ చేప నల్లబడిపోయినట్టు కనిపిస్తోందన్నమాట!"

"నల్లబడిందని నేననలేదండీ. నీలంగా ఉందన్నాను. నీలానికీ నలుపుకీ తేడా తెలియని మనిషితో ఇరవయ్యారేళ్ళు కాపరం చేశాను చూడండి, అదీ నా గొప్ప."

"ఏ రంగైతేనేం? ఈదుతోందా లేదా?"

"ఈదుతోంది. మా మూడో నెంబరు బెడ్డాయన కూడా ఆ రోజు తాపీగా పేపరు చదువుకుంటూనే ఉన్నాడు."

అనేశాక జ్ఞానకుమారి నాలిక కరుచుకుంది. ఎదురు మాటకి నోరు తెరిచిన పౌలురాజు కూడా దాన్ని అలాగే మూసేశాడు. హాల్లో చేపలతొట్టి పంపు గుడగుడలాడుతూనే ఉంది. ఇద్దరి మధ్యా గాజు వెనక బొటనవేలంత గోల్డ్ ఫిష్ ఒకటి, తన ఆరోగ్యం గురించి జరుగుతున్న ఈ రభసతో తనకేమీ పనిలేనట్టు, తోక ఊపుకుంటూ అటు పోయి ఇటు వచ్చింది.

మూడో నెంబరు బెడ్డు సంగతి ఆ ఇంట్లో మూడు వారాలుగా ఎవరూ ఎత్తడంలేదు. ఎత్తకూడదని ఎవరూ అనుకోలేదు, దానంతటదే అలా జరిగిపోయింది.

జ్ఞానకుమారి యమునకి ఇవతల ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూ నర్సు. యాభై ఏళ్ళ మనిషి. నరసాపురం పక్కన మిషను ఆసుపత్రిలో చదువుకుని, పెళ్ళయ్యాక ఢిల్లీ వచ్చి, అప్పటినుంచీ ఒకే ఆసుపత్రిలో ఉండిపోయింది. డాక్టర్లు మారారు, మిషన్లు మారాయి, ఆమె మారలేదు. రోగి మంచం పక్కకి వెళ్ళగానే ఆమె ముందు మిషను వంక చూడదు. రోగి చెయ్యి అందుకుంటుంది. బొటనవేలి గోరు నొక్కుతుంది. తెల్లబడిన గోరు మళ్ళీ ఎంతసేపట్లో ఎరుపెక్కుతుందో చూస్తుంది. కింది రెప్ప లాగి చూస్తుంది. పెదవి చూస్తుంది. ఆ తరవాతే మిషను. "మన జ్ఞానా చెప్పాక మిషను సంతకం పెడుతుంది" అని పాత డాక్టర్లు నవ్వేవారు.

మూడు వారాల కిందట ఐసీయూలో పాత ట్యూబులైట్లు పీకేసి, కొత్తగా వచ్చిన ఎల్ఈడీ దీపాలు బిగించారు. వాటి కింద ఆమె చేసిన మొదటి సాయంత్రం డ్యూటీలో మూడో నెంబరు బెడ్డు మీద షాదరా బట్టల వ్యాపారి ఒకాయన, పిత్తాశయం ఆపరేషనయి, దిండుకి ఆనుకుని పేపరు చదువుకుంటున్నాడు. జ్ఞానకుమారి ఆయన గోరు నొక్కింది. నీలం. పెదవి చూసింది. నీలం. వెంటనే గంట కొట్టేసింది. అయిదుగురు డాక్టర్లు పరిగెత్తుకొచ్చారు. ఒకరు పేపరు లాగేశారు, ఒకరు మంచం వాల్చేశారు, మరొకరు ఆయన మొహానికి ఆక్సిజన్ తగిలించారు. ఆయన ఆ ముసుగులోంచే, "సిస్టర్‌జీ, నేను పోతున్నానా? ఇంట్లో చెప్పిరాలేదే!" అని ఏడుపు లంకించుకున్నాడు. వేలికి తగిలించిన మిషను మాత్రం ఆక్సిజన్ తొంభై ఎనిమిది చూపిస్తూ కూర్చుంది. ఆయన నిక్షేపంలా ఉన్నాడు.

మర్నాటి నుంచీ చిన్న నర్సులకి అది ఆటైపోయింది. ఆమె వార్డులోకి వస్తుంటే పదివేళ్ళూ చాపి, "దీదీ, చూసి చెప్పండి, మేం బతికే ఉన్నామా?" అనేవారు. ఆమె నవ్వేది. ఇంటికొచ్చి నవ్వేది కాదు.

మేట్రన్ ఏలియమ్మ మంచిమనిషి. కొట్టాయం నుంచి వచ్చి తనూ ఇక్కడే ముసలిదవుతోంది. తన గదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చి, "జ్ఞానా, కళ్ళు కూడా రిటైరవుతాయి. లినెన్ స్టోర్ ఖాళీగా ఉంది. కుర్చీ ఉంటుంది, ఫ్యాను ఉంటుంది. ఆదివారం సెలవు, చర్చి ఎగ్గొట్టక్కర్లేదు. సోమవారం లోపల సంతకం పెట్టి ఇచ్చెయ్" అని ఒక కాగితం చేతిలో పెట్టింది. దుప్పట్లు, గలీబులు. జ్ఞానకుమారి ఆ కాగితాన్ని బైబిల్లో పెట్టుకుని తెచ్చుకుంది. వైశాలి మార్కెట్లో కళ్ళ డాక్టరుకి చూపించుకుంది. ఆయన చూసి, "ఈ వయసుకి చాలా బాగున్నాయి మేడమ్" అన్నాడు. చాలా బాగున్నాయన్న మాట ఆమె చెవిలో దూరలేదు. ఈ వయసుకి అన్నదొక్కటే దూరింది.

ఇదిగో, భార్య మొహం చూడలేకనే పౌలురాజు పదిరోజుల కిందట చేపలతొట్టి మోసుకొచ్చాడు. ఆయన కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా, ఆదివారాలు తెలుగు ఆరాధనలో హార్మోనియం. గోదావరి జిల్లా మనిషి కనక చేపంటే ఆయనకి పులుసు గుర్తొస్తుంది తప్ప తొట్టి గుర్తు రాదు. అయినా ఆఫీసులో ఎవరో చేపల్ని చూస్తూ కూర్చుంటే మనసు కుదుటపడుతుందన్నారని, రెండడుగుల తొట్టి, గులకరాళ్ళు, నాలుగు నాచుమొక్కలు, ఒక గోల్డ్ ఫిష్, దాని మీదికి ఫుట్‌పాత్ మీద "జపాన్ సరుకు" అని అమ్ముతున్న ఎల్ఈడీ పట్టీ ఒకటి కొనుక్కొచ్చాడు. కొట్లో మిరపపండులా మెరిసిన చేప ఇంటికొచ్చి ఆ పట్టీ కిందికి చేరగానే వాడిపోయింది. కనీసం జ్ఞానకుమారికి అలా కనిపించింది. చేప వంక చూస్తే మనసు కుదుటపడటం మాట దేవుడెరుగు, ఆమెకి చెమటలు పట్టాయి.

ఇంకెవరైనా అయితే చేపని కొట్టువాడికి తిరిగిచ్చేద్దురు. జ్ఞానకుమారి నర్సు కదా, అడ్మిట్ చేసుకుంది. ఆవకాయ పెట్టే పెద్ద గాజుసీసా శుభ్రంగా కడిగి, వంటింటి కిటికీలో పెట్టి, అందులో ఉప్పునీళ్ళు కలిపి చేపని దింపింది. అరగంటలో చేప కోలుకుంది. ఎర్రగా, నిగనిగలాడుతూ. "స్తోత్రం ప్రభువా!" అని మళ్ళీ తొట్టిలో వదిలింది. సాయంత్రానికి మళ్ళీ నీలం. తెల్లారగానే మళ్ళీ సీసా. మళ్ళీ ఎరుపు. మళ్ళీ తొట్టి. మళ్ళీ నీలం. ఇలా వారంలో నాలుగుసార్లు ఆ చేప ఆసుపత్రికి పోయివచ్చింది. ఇంత చికిత్స చేసి రాసి పెట్టుకోకపోతే ఎలా? ఫ్రిజ్ తలుపు మీద ఒక చార్టు వెలిసింది. తేదీ, సమయం, రంగు, ఇచ్చిన మందు.

ఆ శుక్రవారం సాయంత్రం మొగుడూ పెళ్ళాల కీచులాట సగంలో ఉండగానే కూతురు కెరెన్ బ్యాగు తగిలించుకుని లోపలికొచ్చింది. గ్రేటర్ నోయిడాలో ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగు రెండో ఏడు. వారాంతాల్లో మాసిన బట్టలతో వస్తుంది. తెలుగు పూర్తిగా అర్థమవుతుంది, జవాబు మాత్రం నోటికేదొస్తే అందులో ఇస్తుంది.

"కింది ఫ్లోర్ ఆంటీ వాళ్ళకి కూడా వినిపిస్తోంది డాడీ. కౌన్ నీలా హై? ఎవరు?"

"చేపే తల్లీ. మీ అమ్మ దానికి సెలైన్ ఎక్కిస్తోంది."

"సెలైన్ కాదు, ఉప్పునీళ్ళు. ఎగతాళి చేసింది చాలు."

కెరెన్ మంచినీళ్ళ కోసం ఫ్రిజ్ దగ్గరికెళ్ళి, చార్టు దగ్గర ఆగిపోయింది. చదివింది. సీసా ఎత్తి తాగుతూ మళ్ళీ మొదటినుంచి చదివింది.

"మమ్మీ, ఆ బాటిల్ ఎక్కడ పెడతావు?"

"వంటింటి కిటికీలో. ఏం?"

"ఎప్పుడు పెట్టినా వహీ?"

"అక్కడే. ఇంకెక్కడ పెడతానే?"

"సీసాలోకి వేసినవన్నీ పగలే. తిరిగి నీలం అని రాసినవన్నీ సాయంత్రం ఆరు తర్వాత. డాడీ లైటు వేశాక." కెరెన్ నీళ్ళసీసా పక్కన పెట్టేసింది. "మమ్మీ, నీ మందు ఉప్పు కాదు. కిటికీ."

మాటతో ఆగే పిల్ల కాదది. వెళ్ళి ఎల్ఈడీ పట్టీ ఆర్పేసి, పుస్తకాల బల్ల మీద చదువుకునే దీపాన్ని, పాతకాలపు పసుపు బల్బుదాన్ని, తీగ లాగి తొట్టి మీద పెట్టి వెలిగించింది.

చేప ఎర్రగా ఉంది.

ఆర్పి పట్టీ వేసింది. చేప నీలం. బల్బు వేసింది. ఎరుపు.

"ఆయ్!" అన్నాడు పౌలురాజు.

జ్ఞానకుమారి సోఫా అంచున కూలబడింది.    ముప్ఫై ఏళ్ళ కిందటి మిషను ఆసుపత్రి కళ్ళముందు లేచి నిలబడింది. పాఠం చెప్పే సీతారత్నమ్మగారు, కంచుగంటలాంటి గొంతు, చేతిలో బెత్తం. కరెంటు రోజుకి నాలుగుసార్లు పోయే వార్డు. "ముందు కిటికీ ఎటుందో చూడండే. తరవాత గోరు చూడండి." ఎన్ని వందలసార్లు చెప్పిందో! ఢిల్లీ వచ్చాక కిటికీలు లేని గదుల్లో పాతికేళ్ళు పనిచేసి, ఆ మాటలో రెండోసగమే గుర్తుపెట్టుకుంది. మొదటి సగం మర్చిపోయింది.

"నా కళ్ళు కాదు" అంది. ఎవరితో అంటోందో ఆమెకే తెలియదు. తరవాత, ఇంకా గట్టిగా, "నా కళ్ళు కాదండీ!"

అంతలోనే ఆ సంబరం సగానికి పడిపోయింది. ఎల్ఈడీలన్నీ ఇంతే అయితే? రేపు ఊళ్ళో ఆసుపత్రులన్నీ ఎల్ఈడీలే పెడతాయి. ఇక తన చూపు ఎందుకు పనికొస్తుంది? కిటికీ దగ్గర దుప్పట్లు లెక్కపెట్టడానికి. మేట్రన్ అదే అంటుంది, తప్పేమీ లేదు కూడా. అన్ని ఎల్ఈడీలూ అబద్ధమే చెప్తాయా, నిజం చెప్పే ఎల్ఈడీ ఒక్కటైనా ఉందా? సోమవారం లోపల తెలియాలి.

"లైట్లమ్మే భగీరథ్ ప్యాలెస్ ఆదివారం మూసేస్తారు కదా?" అంది.

"రేపు శనివారమే" అంది కెరెన్.

మర్నాడు తల్లీకూతుళ్ళు షేర్ ఆటోలో దిల్షాద్ గార్డెన్ వెళ్ళి మెట్రో ఎక్కారు. కాశ్మీరీ గేట్‌లో మారి చాందినీ చౌక్‌లో దిగి, మనుషుల్నీ తోపుడుబళ్ళనీ తప్పించుకుంటూ భగీరథ్ ప్యాలెస్ సందుల్లో పడ్డారు. దీపాల బజారది. పట్టపగలు కూడా అక్కడ ప్రతి కొట్టూ పెళ్ళివారిల్లులా వెలుగుతూ ఉంటుంది.

మొదటి కొట్టువాడు చేపలతొట్టికనగానే ఒక పట్టీ తీసి గోడకి తగిలించి వెలిగించాడు. "ఆరువేల అయిదొందల కెల్విన్ మేడమ్. అచ్చం పగటి వెలుతురు."

జ్ఞానకుమారి గాజులు వెనక్కి తోసుకుని, చెయ్యి దాని కింద పెట్టి, బొటనవేలి గోరు నొక్కి, వదిలి, చూసింది. గోరు వంకాయ రంగుకి తిరిగింది.

"కాదు."

"మేడమ్, చెయ్యి కాదు, లైటు చూడండి!"

"లైటునే చూస్తున్నాను భయ్యా."

రెండో కొట్లో ఇంకా తెల్లటి దీపం. వంకాయే. మూడో కొట్లో చేపలకి ప్రత్యేకం అని నీలం బల్బులూ తెల్ల బల్బులూ కలిపినది. దాని కింద ఆమె చెయ్యి శవం చెయ్యిలా కనిపించింది. అదే మాట పైకి అనేసింది కూడా. పొద్దున్నే బోణీ బేరం, కొట్టువాడు ఉలిక్కిపడి దేవుడి పటానికి దణ్ణం పెట్టుకున్నాడు. నాలుగో కొట్లో కెరెన్ సిగ్గుతో చచ్చిపోతూనే తనకి తెలిసిన కిటుకొకటి చూపించింది. పెన్సిలు తీసి దీపం ముందు గబగబా ఊపింది. ఒక్క పెన్సిలు విసనకర్రలా పది పెన్సిళ్ళయింది.

"దేఖో, వణుకుతోంది మమ్మీ. కంటికి తెలీదు, సెకనుకి వందసార్లు ఆరి వెలుగుతోంది. సస్తా సర్క్యూట్, చవక రకం."

"మనిషికి తెలీకపోతే చేపకి మాత్రం తెలుస్తుందా?"

"చేపనడుగు."

ఇక అక్కడినుంచి ఇద్దరూ జోడీ అయిపోయారు. కొట్లోకి దూరడం, దీపం వెయ్యమనడం, తల్లి గోరు నొక్కడం, కూతురు పెన్సిలు ఊపడం, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని తల అడ్డంగా తిప్పడం, బయటపడటం. ఒకచోట పెన్సిలు నెగ్గి గోరు ఓడింది. ఇంకోచోట గోరు కాస్త బాగుందనిపించి పెన్సిలు నాశనమైంది. ఆరో కొట్టువాడు పక్క కొట్టువాడితో, "చెయ్యి చూసి జోస్యం చెప్పేవాళ్ళు యార్, లైట్లు కొనేవాళ్ళు కాదు" అనడం వాళ్ళ చెవిన పడింది. కెరెన్‌కి నవ్వాగలేదు. కూతురు నవ్వుతుంటే జ్ఞానకుమారికీ ఆగలేదు. సందు మధ్యలో నిలబడి, వెనక రిక్షావాడు గంట కొడుతున్నా వినిపించుకోకుండా, కడుపు పట్టుకుని నవ్వుకున్నారు. మూడు వారాల తరవాత ఆమె నవ్విన మొదటి అసలు నవ్వు అది.

ఎన్నో కొట్టో వాళ్ళకే లెక్క తప్పింది. సందు చివర, మెట్లెక్కి వెళ్ళే చిన్న కొట్టు. తెల్లపరుపు మీద ఇద్దరు అన్నదమ్ములు పక్కపక్కన కూర్చునున్నారు. ఒకే మీసాలు, ఒకే బొజ్జలు, ఒకే రంగు స్వెట్టర్లు. నెత్తిమీద తెల్లటి ఎల్ఈడీ. ఎవరు పెద్దో చెప్పాలంటే పుట్టుమచ్చలు వెతుక్కోవాలి.

జ్ఞానకుమారి ఈసారి సూటిగా చెప్పింది. "భయ్యా, కెల్విన్లొద్దు, వాట్లొద్దు. ఉన్న రంగుని ఉన్నట్టు చూపించే లైటు కావాలి. ఎర్రటిది ఎర్రగా కనపడాలి. అలాంటిదుందా?"

పెద్దాయన చిన్నగా నవ్వాడు. "ఉంది బహన్‌జీ, కానీ అది చేపలకి కాదు. చీరల షోరూమ్ వాళ్ళు తీసుకెళతారు. ఆడవాళ్ళు చీర కొనుక్కుని, ఎండలోకెళ్ళి చూసి, రంగు మారిపోయిందని తిరిగొస్తారు కదా. ఈ లైటు పెడితే తిరిగి రారు. ధర మిగతావాటికి నాలుగింతలు."

అటక మీంచి అట్టపెట్టె దింపించి, దీపం బయటికి తీశాడు. వెనకంతా మందమైన అల్యూమినియం పళ్ళు. చేత్తో పట్టుకుంటే ఇటుకంత బరువు. "వేడంతా ఈ పళ్ళలోంచి పోతుంది. అవి లేనివి ఆరునెలల్లో మసకబారతాయి. నీళ్ళ మీద పెడతారంటే మధ్యన గాజుమూత ఉండాలి, తడి తగలకూడదు." పైన దీపం ఆర్పేసి దీన్ని వెలిగించాడు.

కెరెన్ పెన్సిలు ఊపింది. ఒకటే పెన్సిలు, వెనక మసకగా దాని నీడ.

జ్ఞానకుమారి గోరు నొక్కింది. తెల్లబడింది. వదిలింది. ఒకటి, రెండు.

గులాబీరంగు.

ఆమె ఊపిరి వదిలి తల పైకెత్తింది. ఎత్తి, అలాగే ఉండిపోయింది. ఎదురుగా ఉన్నది ఇందాకటి అన్నదమ్ములు కారు. చిన్నాయన బుగ్గలు టమాటాల్లా ఉన్నాయి. పెద్దాయన మొహం పిసికి పక్కన పెట్టిన మైదాపిండిలా ఉంది.

తను ఎక్కడుందో, ఏం కొనడానికొచ్చిందో ఆమె మర్చిపోయింది. చెప్పులు విడిచి పరుపు మీదికి మోకాళ్ళతో ఎక్కేసింది.

"మమ్మీ!" అంది కెరెన్.

"భయ్యా, పైకి చూడండి." అప్పటికే పెద్దాయన కింది రెప్ప ఆమె వేలి కింద ఉంది. "మెట్లెక్కితే ఆయాసం వస్తోందా?"

"ఆఁ... కొంచెం..."

"కాళ్ళు లాగుతున్నాయా? మధ్యాహ్నానికే నిద్ర ముంచుకొస్తోందా?"

"జీ... కానీ బహన్‌జీ, లైటు..."

"రక్తంలో హిమోగ్లోబిన్ ఎనిమిది గ్రాములు దాటదు మీకు. వెంటనే పరీక్ష చేయించుకోండి. రక్తం ఎక్కడో పోతోంది, అదెక్కడో డాక్టరు వెతకాలి."

 చిన్నాయన మెల్లిగా సొరుగు లాగి, రసీదు పుస్తకం కిందనుంచి మడతపెట్టిన కాగితం తీసి ఆమెకిచ్చాడు. మొన్న గురువారం అన్నగారికి చేయించిన రక్తపరీక్ష. ఏడు పాయింటు ఎనిమిది.

"ఛోటే!" అని అరిచాడు పెద్దాయన. "నువ్వు ఈవిడకి ముందే చెప్పావా?"

"నేనెప్పుడు చెప్పాను భాయీసాబ్, మీ ముందేగా వచ్చారు!"

జ్ఞానకుమారి ఆ కాగితం రెండుసార్లు చదివింది. తరవాత చిన్నపిల్లలా, "ఆ పాత లైటు మళ్ళీ వెయ్యండి" అంది. వేశారు. అన్నదమ్ములిద్దరూ ఒకే రంగు. ఏమీ తెలియడంలేదు. "కొత్తది వెయ్యండి." ఒకరు టమాటా, ఒకరు మైదా. "పాతది." ఒకే రంగు. "కొత్తది!" ఆమె చప్పట్లు కొట్టింది. అన్నదమ్ములకి ఏం అర్థమైందో గాని, ఆమె సంతోషం వాళ్ళకీ అంటుకుంది. ఎనిమిదోసారికి పెద్దాయన తనే "అబ్ నయావాలా!" అని పాట పాడుతున్నట్టు చెప్పి స్విచ్చు నొక్కాడు. జబ్బు పెట్టుకుని అంత హుషారుగా ఉన్న మనిషిని ఆమె తన సర్వీసులో చూడలేదు.

అప్పటికి గుమ్మంలో జనం పోగయ్యారు. టీ ఇవ్వడానికొచ్చినాయన కెటిల్ కిందపెట్టి, "దీదీ, నాదీ చూడండి" అని రెప్ప తనే లాగి పట్టుకున్నాడు. ఆయన వెనక పక్క కొట్టు ముసలాయన, ఆయన వెనక మూట దించుకున్న కూలీ. ఇందాక జోస్యం అన్న ఆరో కొట్టువాడు కూడా వరసలో ఉన్నాడు. జ్ఞానకుమారి ఒక్కొక్కర్నీ దీపం కిందికి లాగి చూసింది. "నువ్వు బాగున్నావు, పో." "మీరు బాగున్నారు, బీడీ మానెయ్యండి." "నీకేం జబ్బులేదయ్యా, చెయ్యి కడుక్కో ముందు." కెరెన్ మొదట పైట చాటున మొహం దాచుకునే అవకాశం లేని జీన్స్ వేసుకున్నందుకు చింతించింది. కాసేపటికి ఆ పిల్లే, "లైన్ సే ఆయియే, ఏక్ ఏక్ కర్‌కే" అని వరస నిలబెడుతోంది.

లేచి చెప్పులు వేసుకునేటప్పుడు పెద్దాయన ధర తగ్గించాడు. ఆమె, "రెండివ్వండి" అంది.

"రెండా? తొట్టి ఏక్ హీ హై" అంది కెరెన్.

"ఉండనీవే."

తిరుగు మెట్రోలో ఆమెకి కూర్చోడానికి చోటు దొరికినా కూర్చోలేదు. కాశ్మీరీ గేట్ దగ్గర మారి ఎక్కిన రైలు యమున దాటుతుంటే రెండు వైపుల కిటికీల్లోంచీ ఎండ లోపలికొచ్చి పడింది. కడ్డీ పట్టుకున్న ఇరవై చేతుల్ని గోళ్ళతో సహా చూసుకుంటూ, చర్చి కోరస్‌లో తను పాడే వరసని పైకే కూనిరాగం తీసింది. కెరెన్ "మమ్మీ, లోగ్ దేఖ్ రహే హైఁ" అంది. "చూడనీ. వెలుతురు బాగుంది" అంది జ్ఞానకుమారి.

సాయంత్రం పౌలురాజు తొట్టికి గాజుమూత పెట్టి, దాని మీద దీపం బిగించాడు. స్విచ్చు ఎవరు వెయ్యాలన్న దానికి మరో చిన్న గొడవ జరిగి, ముగ్గురూ కలిసి వేశారు. నాచుమొక్కలు ముందు వెలిగాయి, ఆకుపచ్చ అంటే ఇదీ అన్నట్టు. తరవాత వాటి వెనకనుంచి చేప వచ్చింది. మిరపపండు.

"చూశావా!" పౌలురాజు తొడ చరిచాడు. "చేపకి ఏమీ కాలేదని మొదటినుంచీ చెప్తున్నానా లేదా? నా మాటే నెగ్గింది."

"ఆ చచ్చు లైటు తెచ్చింది ఎవరండీ?"

"నేనే."

"మరి నెగ్గింది నా మాట."

"ఆయ్, తవరి మాటే. తవరి చేపే. పులుసు మాత్రం ఎప్పుడన్నది మనవి చేసుకోవచ్చా?"

"నోర్మూసుకోండి. దానికి వినపడుతుంది."

కెరెన్ లైటు ప్లగ్గుకి టైమరొకటి పెట్టింది. రోజుకి ఎనిమిది గంటలు, ఆపైన వెలిగితే నీళ్ళు పచ్చబడతాయంది. జ్ఞానకుమారి ఫ్రిజ్ దగ్గరికెళ్ళి, చార్టులో ఆఖరి గీత కింద తేదీ, సమయం రాసి, "ఎరుపు. డిశ్చార్జి" అని రాసి సంతకం పెట్టింది.

పౌలురాజు రెండో అట్టపెట్టె ఎత్తి, బరువు చూసి, "ఇదెక్కడ బిగించమంటావు? వంటింట్లోనా?" అన్నాడు.

జ్ఞానకుమారి బైబిలు తెరిచి మేట్రన్ ఇచ్చిన కాగితం బయటికి తీసింది. దాన్ని దీపం కింద పట్టుకుని మరొక్కసారి చదివింది. తరవాత ఫోను అందుకుంది. అటునుంచి ఏలియమ్మ గొంతు వినపడగానే, కూతురూ మొగుడూ చూస్తుండగా, నిలబడే మాట్లాడింది.

"గుడ్ ఈవినింగ్ మేడమ్, జ్ఞానకుమారిని. స్టోర్ సంగతి ఆలోచించాను. ఆ కాగితం మీద సంతకం పెట్టడంలేదు. సోమవారం మధ్యాహ్నం డ్యూటీకి ఐసీయూకే వస్తున్నాను. మూడో నెంబరు బెడ్డు దగ్గర ఎలక్ట్రీషియన్ని నిచ్చెనతో ఉండమనండి, లైటు నేను తెస్తున్నాను."